జివ్వుమనడం మానేసిన పన్ను

తేడా మొదట తెలిసింది రోజ్ మిల్క్ తాగుతున్నప్పుడు. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరికాయల కొట్లో కంప్యూటర్ దగ్గర పనిచేస్తాను. వేసవి మధ్యాహ్నం లారీకి లోడు ఎత్తడం అయ్యాక మా షావుకారు గారు అందరికీ ఐసు వేసిన రోజ్ మిల్క్ తెప్పించారు. మొదటి గుక్క ఎడమ వైపుకి వెళ్ళగానే కింది దవడ పన్నులోకి సన్నటి ఇనప తీగ దింపి లాగినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుక్క మింగేశాను, నొప్పీ పోయింది. ఎవరూ చూడలేదు. మిగతాది కుడి వైపు నుంచి తాగాను.

అప్పట్నించి నీళ్ళు తాగినా, అన్నం నమిలినా కుడి వైపే. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పెదాలు బిగించుకునేదాన్ని, గాలి తగిలినా జివ్వుమనేది.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటాను. ఇంటికొచ్చాక డైరీ రాసుకుంటాను, లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటాను. ఆ రెండిటికీ నోటితో పని లేదు. మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో అమ్మమ్మా నేనూ ఉంటాం. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. నేను అమ్మ దగ్గర కన్నా అమ్మ ఫోను దగ్గర ఎక్కువగా పెరిగాను.

వర్షాలు మొదలయ్యేసరికి నొప్పి పద్ధతి మార్చింది. నీళ్ళు మింగేశాక కూడా అలాగే ఉండేది. చెవి దాకా పాకి, తల పక్కన కాసేపు కొట్టుకుని, అప్పుడు నెమ్మదిగా దిగేది. తాగే నీళ్ళు వేడి చేసుకోవడం మొదలుపెట్టాను. అమ్మమ్మ అక్కడే పట్టేసింది.

"ఏవిటే కరుణా, బాలింతరాల్లా వేణ్ణీళ్ళు తాగుతున్నావు?"

చెప్పక తప్పలేదు. అమ్మమ్మ నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి టార్చిలైటు వేసి చూసింది. "నల్లగా చుక్కంత ఉంది, అంతే. దీనికేనా ఇంత?" అంటూ లవంగం పెట్టింది. లవంగంతో నాలిక మండింది, పన్ను మాత్రం తన పని తను చేసుకుపోయింది. వారం తిరక్కుండా ఇద్దరం అమలాపురంలో పళ్ళ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

ఆ కుర్చీలో పడుకుని, దీపం మొహం మీద పడుతుంటే, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నోరు తెరవడం నాకు నొప్పి కన్నా కష్టంగా అనిపించింది.

"ఇంకొంచెం తెరవండి. ఇంకొంచెం. నోరు తెరవడానిక్కూడా మొహమాటమేనాండీ?" అన్నారు డాక్టరు గారు. పక్కనున్న నర్సు నవ్వింది.

చల్లటి మందులో ముంచిన దూది ముక్కని పటకారుతో పట్టుకుని, "నొప్పి రాగానే చెయ్యెత్తండి, పోగానే దించెయ్యండి" అన్నారు. మంచి పన్ను మీద పెడితే చెయ్యి ఎత్తి వెంటనే దించాను. నల్ల చుక్క ఉన్న పన్ను మీద పెట్టారు. చెయ్యి లేచింది. దూది తీసేసి పళ్ళెంలో పడేసినా నా చెయ్యి గాల్లోనే ఉంది. ఆయన ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డారు.

"చూశారా, దూది ఎప్పుడో తీసేసేను. అదీ తేడా."

ఎక్స్‌రే తీశారు. "పైకి చుక్కే. లోపల డొల్ల. పుచ్చు నరం ఉండే పల్ప్ దాకా వెళ్ళిపోయింది. ఇర్రివర్సిబుల్ పల్పైటిస్ అంటాం, అంటే ఇంక వెనక్కి రాదని. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలబడుద్ది."

"చేయించకపోతే ఏవవుద్దండీ?" అంది అమ్మమ్మ.

"ఇన్ఫెక్షన్ కిందకి దిగుద్దండి. ఆలస్యం చెయ్యకండి, వచ్చే వారమే రండి."

"ఆయ్, వస్తామండీ" అంది అమ్మమ్మ. నేను కుర్చీలోంచి దిగినందుకే సంతోషపడుతూ బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. డ్రిల్లింగు మాట వినగానే భయపడింది. వాళ్ళ మేడంకి వినపడకుండా చిన్న గొంతుతో మాట్లాడుతుంది ఎప్పుడూ. "నరం దగ్గర మిషను పెడతారా? వద్దు తల్లీ. నేను లేనప్పుడు అలాంటివొద్దు. ఇక్కడి మందులు గట్టివి. ఇక్కడ పనిచేసే రాజోలు ఆవిడ ఊరికి వచ్చేస్తోంది, ఆవిడ చేతికిచ్చి పంపుతాను. ఈలోగా నీ కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంటాను."

గల్ఫ్ నుంచి వచ్చిన మాత్ర మీద మా వైపు ఎంత నమ్మకమో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ప్రతి వీధిలోనూ అక్కడ పనిచేసే ఆడమనిషి ఒకరుంటారు. వాళ్ళు పంపే పార్సిల్‌లో సబ్బులు, పాలపొడి, సెంటు సీసాలతో పాటు నొప్పి మాత్రలు కూడా ఉంటాయి. మోకాళ్ళకి అదే, నడుముకి అదే, జ్వరానికి అదే. అమ్మమ్మ వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి బీరువాలో దాస్తుంది. ఇరుగుపొరుగు వచ్చి, "ఓ కువైట్ మాత్రుంటే పెట్టండీ" అని అడిగితే, సగానికి విరిచి ఇస్తుంది.

మాత్ర నిజంగానే పనిచేసింది. వేసుకున్న అరగంటకి దవడంతా నిద్రపోయినట్టు ఉండేది. దాని బలం అయిపోగానే నొప్పి లేచేది, ఇంకోటి వేసుకునేదాన్ని. డాక్టరు గారు చెప్పిన వారం దాటిపోయింది. ఆ తర్వాతి వారమూ దాటిపోయింది.

ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ పొరపాటున కుళాయి నీళ్ళు పుక్కిలించాను. ఏమీ అవలేదు. అంతకు ముందురోజు మాత్ర కూడా వేసుకోలేదు. ఇంకోసారి పుక్కిలించాను. ఫ్రిజ్ తెరిచి ఐసు ముక్క తీసి సరిగ్గా ఆ పన్ను మీదే పెట్టి పట్టుకున్నాను. ఏమీ లేదు. రాయి మీద పెట్టినట్టుంది.

"స్తోత్రం తండ్రీ!" అంది అమ్మమ్మ చేతులెత్తి.

అమ్మ ఫోనులో ఏడ్చింది. "నా ఉపవాసం ఆలకించాడే దేవుడు. సాక్ష్యం చెప్పాలమ్మా నువ్వు."

మా చర్చి సంఘంలో జబ్బు తగ్గినా, వీసా వచ్చినా, పరీక్ష పాసైనా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. మేలు పొందిన మనిషి లేచి నిలబడి, జరిగింది అందరికీ చెప్పాలి. అలాంటి కూడికల్లో నేనెప్పుడూ గోడ పక్కన వెనక చాప మీద కూర్చునేదాన్ని. ఆ రోజు ముందు నిలబెట్టారు. అమ్మ వీడియోలో చూస్తోంది, ఫోనుని గ్లాసుకి ఆనించి పెట్టాం. నాలుగు మాటలు చెప్పాను. చల్లనివి తాగలేకపోయేదాన్ననీ, అమ్మ ప్రార్థన చేసిందనీ, ఇప్పుడు నొప్పి లేదనీ.

"వినపడలేదమ్మాయ్, పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే గట్టిగా మాట్లాడతారు" అంది పక్కింటి మరియమ్మ గారు. అందరూ నవ్వారు. ఆవిడే లోపలికెళ్ళి కూల్‌డ్రింకులో ఐసు వేసి తెచ్చింది. "ఏదీ, అందరి ముందూ తాగు, చూస్తాం."

ఎడమ వైపు నుంచే తాగాను. ఐసు ముక్కని ఆ పన్ను మీదే నిలిపాను. మొహంలో ఏ కదలికా లేదు. "హల్లెలూయా" అన్నారు అందరూ. ఫోనులో అమ్మ చప్పట్లు కొడుతోంది.

ఆ గదిలో ఎవరికీ తెలియంది ఏమిటంటే, నా పన్ను బాగవలేదు, చచ్చిపోయింది. లోపల నరం కుళ్ళిపోయింది కాబట్టి చల్లదనం తెలియడం మానేసింది. నేను నిలబడి సాక్ష్యం చెబుతుండగానే ఆ కుళ్ళు వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతోంది.

వెళ్ళేటప్పుడు పాస్టరు గారు చెప్పులేసుకుంటూ, "డాక్టరు గారికి కూడా ఓసారి చూపించెయ్యమ్మా" అన్నారు.

"తగ్గిపోయేక డాక్టరెందుకండీ అయ్యగారూ, మళ్ళీ లేనిపోనిది లేపుతాడు" అంది అమ్మమ్మ.

కొన్నాళ్ళు బాగానే ఉంది. వీధిలో ఆడవాళ్ళు నన్ను ఆపి పలకరించేవారు. "మా వాడి వీసాకి నువ్వూ ప్రార్థన చెయ్యమ్మాయ్, నీ మాట వింటున్నాడు కదా ప్రభువు" అని ఒకావిడ నవ్వుతూనే అడిగింది, కానీ నిజంగానే అడిగింది.

తర్వాత ఆ పన్ను మిగతా వాటికన్నా ఎత్తుగా పెరిగినట్టు అనిపించసాగింది. పై పన్ను తగిలితే చాలు, దవడంతా అదిరేది. ఈసారి చల్లటివి ఏమీ చేసేవి కాదు, వేడి కాఫీకి పోటు లేచేది. చిగుళ్ళ మీద చిన్న పొక్కు లేచి పగిలింది, నోరంతా పాడు రుచి. ఎవరితోనూ అనలేదు. ఎవరితో అనను? అమ్మ శుక్రవారాలు తిండి మానుకుని, రెండంతస్తుల ఇల్లు కడిగి, నా కోసం అడిగింది. దేవుడిచ్చాడని అంతమంది ముందు చెప్పాను. ఇప్పుడు మళ్ళీ నొప్పి అంటే అమ్మ ఏమైపోతుందో అని భయమేసింది. బిస్కెట్ల డబ్బాలోంచి మాత్రలు తీసుకుని వేసుకుంటూ ఉండేదాన్ని. మందుల షాపులో అడిగితే యాంటీబయాటిక్ ఇచ్చారు. కాస్త తగ్గగానే అవీ ఆపేశాను.

ఒకరోజు కొట్లో కాయలు వలిచే సత్యం గారు నన్ను చూసి, "ఏవమ్మా కరుణమ్మా, బుగ్గలో కొబ్బరుండ దాచేవేంటి? మాకూ ఓటి పెట్టు" అన్నారు. చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేశాను. ఆ నవ్వుకే దవడ పట్టేసినట్టయింది. సాయంత్రం అద్దంలో చూసుకుంటే నోట్లోకి ఒక వేలు మాత్రమే దూరింది. మర్నాటికి జ్వరం. గడ్డం కింద గట్టిగా, చెక్కలా అయింది. పళ్ళు వస్తున్నాయేమో, జ్ఞానదంతమేమో అని అమ్మమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఆదివారం గుడికి వెళ్ళాం. ఆ రోజు ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ తీసుకునే ఆరాధన, ఉంది. వరసలో మోకరించాను. పాస్టరు గారు రొట్టె ముక్క ఇస్తే పళ్ళ మధ్య నుంచి తోసుకున్నాను. ద్రాక్షరసం గ్లాసు ఎత్తాను. గొంతు మింగనంది. రసం పెదవి చివర నుంచి కారి తెల్ల చీర మీద పడింది. తుడుచుకోబోయాను, చొల్లు కూడా ఆగలేదు.

పాస్టరు గారు చేతిలో పళ్ళెం పక్కన పెట్టేశారు. "ఏదీ, నోరు తెరువమ్మా."

తెరవలేకపోయాను. "బానే ఉందండీ" అనబోయాను. నోట్లో వేడి దుంప పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది గొంతు. ఆ గొంతు విని అమ్మమ్మ వెనక వరసలోంచి లేచి వచ్చేసింది.

"కారు తీస్తాను, ఎక్కించండి" అన్నారు పాస్టరు గారు.

"బల్ల మధ్యలో అండీ?" అన్నారు సంఘ పెద్ద ఒకాయన.

"మీరు నడిపించండి. ఈ పిల్ల ఆగేలా లేదు."

అమలాపురంలో డాక్టరు గారి ఇల్లు ఆసుపత్రి మేడ మీదే. కిందకి దిగి కారు కిటికీలోంచి నన్ను చూశారు. ఈసారి నోరు తెరవమనలేదు. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి నొక్కి, "రూట్ కెనాల్‌కి రాలేదేం మీరు?" అని, జవాబు కోసం ఆగకుండానే పాస్టరు గారి వైపు తిరిగారు. "ఇక్కడ దింపకండి. కాకినాడ వెళ్ళిపోండి, నేను ఫోన్ చేసి చెబుతాను. పడుకోబెట్టకండి. కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, పడుకుంటే ఊపిరాడదు."

యానాం వంతెన మీద గోదావరి దాటుతుంటే ఒళ్ళో తువ్వాలు చొల్లుతో తడిసిపోయింది. నా నాలిక నాది కానట్టు పైకి లేచిపోతోంది. అమ్మమ్మ చెయ్యి నా వీపు మీద ఉంది. 

కాకినాడ ఆసుపత్రిలో మెడకి సీటీ స్కాన్ తీశారు. సర్జన్ గారు కుర్రాయన. మంచం పక్కన నిలబడి నాతోనే చెప్పారు. "లుడ్విగ్స్ ఆంజైనా అమ్మా. పంటి చీము మెడలోకి దిగింది. నాలికని వెనక్కి నొక్కుతోంది. శ్వాస దారి మూసుకుపోకముందే మెడలో చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. ట్రాకియాస్టమీ అంటాం."

"గొంతు కోస్తారా బాబూ?" అంది అమ్మమ్మ.

"కొయ్యకపోతే ఈ పిల్ల మీకు మిగలదమ్మా."

ఆయన నా వైపే చూస్తున్నారు. తల ఊపాను. గొట్టం పెట్టేటప్పుడు నాకు మెలకువగానే ఉంది. మత్తిస్తే ఊపిరి ఆగిపోవచ్చన్నారు. సగం కూర్చోబెట్టి, మెడకి సూది వేసి, చేశారు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఐసీయూలో లేచేసరికి పన్ను లేదు. గొంతూ లేదు. గడ్డం కింద మూడు చోట్ల కోసి రబ్బరు గొట్టాలు పెట్టారు. వాటిలోంచి వచ్చే వాసన నాదే అని నమ్మడానికి టైము పట్టింది. కాస్త కోలుకుంటున్నాననగా మళ్ళీ చలిజ్వరం వచ్చింది. మళ్ళీ స్కాన్. "చీము ఛాతీ వైపు దారి చేసుకుంటోంది. అక్కడికి దిగిందంటే మా చేతుల్లో ఉండదు" అన్నారు సర్జన్ గారు. రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్ళారు. స్ట్రెచర్ మీద పైకప్పు లైట్లు వెనక్కి జరుగుతుంటే, ఇరవై నాలుగేళ్ళకే, ఒక పంటి వల్ల పోతున్నానని అనుకున్నాను. ఏడుద్దామన్నా గొట్టంలోంచి గాలే వచ్చింది.

రెండో ఆపరేషన్ తర్వాత అమ్మకి నన్ను వీడియోలో చూపించారు. పాస్‌పోర్టు మేడం దగ్గర ఉంది, రమ్మన్నా అమ్మ రాలేదు. మెడలో గొట్టం చూడగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను పంపిన మాత్రలే నిన్నిలా చేసేయా? చెప్పవే. కరుణా, చెప్పవే."

చెప్పడానికి నాకు గొంతు లేదు. కాదని తల అడ్డంగా ఊపాను. మెడ కదిలినంతే ఊపాను. అమ్మకి అది అవునన్నట్టు కనిపించిందేమో, ఫోన్ కింద పెట్టేసింది. ఆ రోజు నాకు జరిగినవన్నిటిలోకీ అదే పెద్ద నొప్పి.

సర్జన్ గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు కాగితం మీద రాసి అడిగాను. మాత్ర కూడా వేసుకోకుండానే నొప్పి తగ్గింది కదా, ఎందుకిలా అయిందని. ఆయన చదివి, "నొప్పి ఉందని చెప్పేది నరమమ్మా. నరమే చచ్చిపోతే ఎవరు చెబుతారు? అప్పటిదాకా మాత్రలతో దాని నోరు మూశారు, తర్వాత అదే మూసుకుంది" అన్నారు.

పాస్టరు గారు రెండు రోజులకోసారి కాకినాడ వచ్చేవారు. ఒకరోజు బెడ్ పక్కన స్టూలు మీద కూర్చుని, "డాక్టరుకి చూపించాకే సాక్ష్యం చెబుదువుగానిలే అని ఆ రోజు నేను గట్టిగా అనాల్సిందమ్మా. చెప్పులేసుకుంటూ చెప్పే మాట కాదది" అన్నారు. ఆయన తన మీద వేసుకోవాల్సినంత తప్పు కాదది, కానీ ఆయన అలా అన్నాక నాకు కొంచెం బరువు తగ్గింది.

గొట్టం తీశాక మొదట వచ్చిన గొంతు ముసలాయన గొంతులా ఉంది. నోరు తెరుచుకోవడానికి ఫిజియోథెరపీ ఆవిడ ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టేది. రోజుకో పుల్ల పెంచాలి. పెంచినప్పుడల్లా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఇంటికొచ్చాక నెలల తరబడి జావ, పెరుగన్నం మెత్తగా పిసికి తిన్నాను.

వీధిలో మాటలూ పడ్డాం. "విశ్వాసం చాల్లేదు, అందుకే తిరగబెట్టింది" అంది ఒకావిడ గుమ్మంలో నిలబడి. అమ్మమ్మ చేటలో బియ్యం ఆపకుండా చెరుగుతూనే, "నా విశ్వాసం సంగతి ప్రభువు చూసుకుంటాడు గానీ, నీ పై పన్ను కదుల్తోంది, ముందు అది చూపించుకో" అంది.

ఇప్పుడు మళ్ళీ కొట్లో పనికి వెళుతున్నాను. గొంతు బొంగురుగానే ఉంది. మెడ మీద మచ్చ, గడ్డం కింద మూడు గీతలు మిగిలాయి. ఒక నరం దెబ్బతినడం వల్ల నవ్వితే కింది పెదవి ఒక పక్కే కదులుతుంది. అది సరవుతుందో లేదో చెప్పలేమన్నారు. అమ్మ ఇంకా కువైట్‌లోనే ఉంది. మాత్రల మాట ఇద్దరం ఎత్తం. ఒక్కటి మాత్రం మారింది. ఫోన్ చేయగానే అమ్మ "ఏం తిన్నావు" అని అడగదు, "ఎక్కడైనా నొప్పిగా ఉందా, నిజం చెప్పు" అంటుంది. నేనూ నిజమే చెబుతున్నాను. మొన్న కుడి వైపు ఒక పన్ను చల్లటి మజ్జిగకి చురుక్కుమంది. ఆ సంగతి ఆ రోజే అమ్మకి చెప్పాను, మర్నాడే అమలాపురం వెళ్ళాను. చిన్న ఫిల్లింగుతో అయిపోయింది. డాక్టరు గారు అడగకుండానే నోరు తెరిచాను.

చదువుతున్న మీకు నేను చెప్పగలిగింది ఇంతే. చల్లటి నీళ్ళు తాగినప్పుడు పన్ను జివ్వుమంటే, నీళ్ళు మింగాక ఆ నొప్పి ఎంతసేపు ఉంటోందో గమనించండి. వెంటనే పోతే, తీరిక చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మింగాక కూడా నిలబడితే, ఆ వారంలోనే వెళ్ళండి. వైద్యం ఏదీ చేయించకుండానే ఒకరోజు అది దానంతట అదే ఆగిపోయిందనుకోండి, ఎవరికీ శుభవార్త చెప్పకండి. ఆ రోజే బయల్దేరండి.